పదహారు గంటలు కూర్చోవడానికి ఏ సీటు? అనంతపురం టీచరమ్మకు జవాబు

అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆమెకు 61 ఏళ్ళు. భర్తకు 67, ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కొడుకు అమెరికాలోని డాలస్‌లో ఉంటాడు. కోడలికి నవంబరులో కాన్పయింది. వియ్యపురాలు ముందే వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూసుకుంటున్నారు. ఫిబ్రవరిలో ఆమె తిరిగి వస్తారు, ఆ తర్వాత వీళ్ళ వంతు. భార్యాభర్తలిద్దరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు.

"మీ ఇద్దరికీ ప్రీమియం ఎకానమీ తీస్తాను, ఖర్చు సంగతి నాకొదిలేయండి" అన్నాడట కొడుకు వీడియో కాల్‌లో. పక్కనుంచి కోడలు "మా అమ్మ మామూలు దాంట్లోనే వచ్చింది కదా" అంది. కోపంగా అనలేదు, ఏదో మాటల్లో అంది. కానీ టీచరమ్మకు ఆ మాట మనసులో ఉండిపోయింది. కొడుకు ఇంటి లోను కడుతున్నాడు. కోడలు జీతం లేని సెలవులో ఉంది. ఇటు చూస్తే భర్త దాదాపు ఆరడుగుల మనిషి. ఎడమ మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది, షుగర్ కూడా ఉంది. ఆయన మాత్రం "బస్సుల కింద పండుకొని పనిచేసినోణ్ణి, నాకు పెద్ద సీటెందుకు?" అంటున్నారట.

ఊళ్ళో ఏజెంట్ చెప్పిన లెక్క ఇది. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా ఎకానమీలో రానూపోనూ మనిషికి 1,20,000. యూరప్ మీదుగా ప్రీమియం ఎకానమీ అయితే 2,40,000. బిజినెస్ 4,50,000 పైనే. "ఎకానమీలోనే కాళ్ళకు జాగా ఎక్కువుండే సీటుకు ఒక్కో విమానానికి 10,000 కడితే చాలు మేడమ్, అదీ ప్రీమియమూ ఒకటే" అని కూడా అన్నాడట. టీచరమ్మ దగ్గర సొంతంగా 1,50,000 ఉంది. ఆమె చివరికి ఇలా అడిగారు: "ఆయన ఒక్కరికే పెద్ద సీటు తీసి నేను వెనక మామూలు సీట్లో కూర్చోవాలని అనుకుంటున్నాను. ఇది సరైన పనేనా? అసలు ఆ సీటుకు అంత డబ్బు పెట్టొచ్చా? పెట్టేటట్లయితే కొడుక్కి, కోడలికి ఏమని చెప్పాలి?"

టీచరమ్మా,

మీరు అడిగిన దాంట్లో కొంత ఒంటికి సంబంధించింది, కొంత ఇంటికి సంబంధించింది. రెండూ కలిసిపోవడంతో ఏ వైపు నిర్ణయించుకున్నా తప్పు చేసినట్టే మీకు అనిపిస్తోంది. కోడలి మాట గుర్తొస్తే ఎకానమీ చాలనిపిస్తుంది, మీవారి మోకాలు చూస్తే కాదనిపిస్తుంది. కాబట్టి ముందు ఒంటి సంగతి చూద్దాం. ఏ సీటు అవసరమో తేలితే ఇంట్లో ఏం మాట్లాడాలో తెలుస్తుంది.

ప్రీమియం ఎకానమీ అంటే ఏంటో మీవారికి ఆయన భాషలోనే చెప్పండి. ఎకానమీ ఎక్స్‌ప్రెస్ బస్సయితే, ఇది సూపర్ లగ్జరీ. సీటు వెనక్కి బాగా వాలుతుంది, కాళ్ళకు జాగా ఉంటుంది, మనుషులు తక్కువ. కానీ పడుకోవడానికి బెర్తు ఉండదు. బెర్తున్న వెన్నెల బస్సు లాంటిది బిజినెస్ క్లాసు. ఎకానమీలో మన సీటుకూ ముందు సీటుకూ మధ్య దూరం మామూలుగా 31, 32 అంగుళాలు ఉంటుంది. ప్రీమియంలో 38 దాకా ఉంటుంది. వెడల్పు ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ. కాళ్ళు పెట్టుకునే ఆసరా కూడా చాలా విమానాల్లో ఉంటుంది. ఎకానమీలో వరసకు పది సీట్లు ఉండే పెద్ద విమానంలో ఇక్కడ ఎనిమిదే, రెండు, నాలుగు, రెండు చొప్పున. మీరిద్దరూ మూడో మనిషి లేకుండా ఒక జతలో కూర్చోవచ్చన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఈ తరగతి 1990ల మొదట్లో మొదలైంది. తైవాన్‌కు చెందిన ఈవా ఎయిర్, బ్రిటన్‌కు చెందిన వర్జిన్ అట్లాంటిక్ మొదట తెచ్చాయి. మన దేశంలో 2015లో విస్తారా తెచ్చింది. ఆ సంస్థ 2024లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఇంత పెద్ద ప్రయాణాలకు ఇది ఆడంబరమా, అవసరమా అని మీకున్న అనుమానానికి ఒక్క ఉదాహరణ చెబుతాను. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2018లో సింగపూర్ నుంచి అమెరికాలోని నెవార్క్‌కు, ఎక్కడా ఆగకుండా 18 గంటలు దాటే విమానాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. దాంట్లో 67 బిజినెస్ సీట్లు, 94 ప్రీమియం ఎకానమీ సీట్లు పెట్టింది. మామూలు ఎకానమీ అసలు పెట్టలేదు. అంతసేపటి విమానంలో మామూలు సీట్లే లేవంటే, మీరు ఆలోచించడంలో తప్పేం లేదు.

అయితే డబ్బు కట్టాక నిరాశపడకుండా ఒకటి ముందే తెలుసుకోండి. ఈ సీటు కాళ్ళకు, నడుముకు సుఖం ఇస్తుంది, నిద్రకు కాదు. కూర్చుని నిద్రపోలేనివాళ్ళు ఇందులో కూడా సరిగ్గా పోలేరు. పైగా ఇందులో చేతులు పెట్టుకునే పట్టీ వెడల్పుగా, కదలకుండా ఉంటుంది. ట్రే, కొన్నిట్లో టీవీ దాంట్లోంచే బయటికొస్తాయి. ఎకానమీలో పక్క సీట్లు ఖాళీగా దొరికితే పట్టీలు పైకెత్తి ఒరగొచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. "ఇంత డబ్బు పెట్టాం, హాయిగా పడుకుని పోతాం" అనుకుంటే మాత్రం వద్దు. "మోకాలు చాపుకోవాలి, మడుచుకోవాలి, లేచి తిరగాలి" అంటే, అవును, ఇది సరిగ్గా దానికే.

ఏజెంట్ ఒకటే అన్న ఆ ఎక్కువ జాగా సీటు, ప్రీమియం ఎకానమీ ఒకటి కావు. అది ఎకానమీ సీటే. అదే వెడల్పు, అదే భోజనం, అదే పది మంది వరస. ముందున్న జాగా ఒక్కటే ఎక్కువ. పేర్లు కూడా మనల్ని తికమక పెడతాయి. ఉదాహరణకు అమెరికా విమాన సంస్థ యునైటెడ్‌లో ఎకానమీ ప్లస్ అంటే కాళ్ళ జాగా మాత్రమే, ప్రీమియం ప్లస్ అంటే వేరే క్యాబిన్. అలాగని ఎక్కువ జాగా సీటు పనికిరాదనడం లేదు. తక్కువ డబ్బులో మంచి మార్గమే. కానీ అది మీవారికి ఏ వరసలో ఇస్తున్నారో అడగండి. అత్యవసర ద్వారం పక్కన వరసైతే ఆయనను కూర్చోనివ్వరు. అవసరం వస్తే తలుపు తీసి సాయం చేయగలిగినవాళ్ళకే ఆ సీట్లు. గోడకు ఎదురుగా ఉండే మొదటి వరసైతే, ఆరడుగుల మనిషి కాలు పూర్తిగా చాపబోతే గోడ తగులుతుంది. పసిపిల్లల ఉయ్యాలలు కూడా అక్కడే తగిలిస్తారు. డబ్బు కట్టిన తర్వాత ఇవి తెలిస్తే బాధగా ఉంటుంది.

ఇప్పుడు మీ ఇద్దరి ఒంటి సంగతి. మీ ఉత్తరమంతా మీవారి మోకాలి గురించే ఉంది. మీ గురించి ఒక్క వాక్యమే రాశారు: "నేను ఐదడుగులు, నాకు ఏ సీటైనా చాలు, బస్సులో కూర్చుంటే పాదాలు వాస్తాయి అంతే." ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో బయటపెట్టిన అధ్యయనం చెప్పింది. భయపడకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది సుమారు ఆరు వేల మందిలో ఒక్కరికి. విమానానికే కాదు, బస్సుకూ రైలుకూ కారుకూ ఇదే వర్తిస్తుంది. అయితే ఎవరికి ఎక్కువ అని చెప్పేచోట ఆ అధ్యయనం 1.9 మీటర్లకు మించిన పొడుగువాళ్ళతో పాటు 1.6 మీటర్ల కన్నా పొట్టివాళ్ళను కూడా చేర్చింది. ఐదడుగులంటే 1.52 మీటర్లు. సీటు అంచు తొడ కింద నొక్కుతుంది, పాదాలు నేలకు సరిగ్గా ఆనవు. అంటే, "ఆయన ముందు, నేను వెనక" అన్న మీ లెక్క మీ ఒంటికి కూడా న్యాయం చేయదు. మీకు పెద్ద సీటు లేకపోయినా పాదాల కింద ఏదో ఒక ఎత్తు కావాలి. చిన్న చేతిసంచి అయినా సరే.

మీవారి విషయంలో ఆపరేషన్ చేసిన డాక్టర్ మాటే ఆఖరి మాట. మోకాలి మార్పిడి తర్వాత రక్తం గడ్డకట్టే భయం మొదటి వారాల్లో, నెలల్లో ఎక్కువ. ఇన్ని నెలలకు అది చాలావరకు తగ్గి ఉంటుంది. ఇప్పుడు అసలు ఇబ్బంది మోకాలు బిగుసుకుపోవడం, వాపు. దానికి గంటకోసారి కాలు పూర్తిగా చాపాలి, మడవాలి, లేచి నాలుగడుగులు వేయాలి. బిగుతు మేజోళ్ళు వేసుకోవచ్చా అని డాక్టర్నే అడగండి. షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళలో రక్త ప్రసరణ చూడకుండా వాటిని వేయకూడదు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగకండి. డాక్టర్ దగ్గర ఒక కాగితం రాయించుకోండి, మోకాల్లో లోహం ఉంది కాబట్టి సెక్యూరిటీ దగ్గర మెషిన్ మోగొచ్చు. మందులన్నీ చేతిసంచిలోనే. షుగర్ భోజనం ముందుగానే ఆర్డర్ పెట్టించండి.

గంటకోసారి లేవాలంటే కిటికీ పక్క సీటు ఆయనకు పనికిరాదు. ప్రీమియం తీసుకున్నా, ఎకానమీ తీసుకున్నా ఆయనకు నడిచే దారి పక్క సీటే కావాలి. ఇంకా చెప్పాలంటే దారి ఆయనకు ఎడమవైపు ఉండాలి, ఆపరేషన్ అయింది ఎడమ మోకాలికి కదా. విమానం ముందుకు చూస్తూ కూర్చుంటే కుడి పక్కన కిటికీ వైపు ఉండే రెండు సీట్ల జత మీకు సరిపోతుంది. ఆయన దారి పక్కన, మీరు కిటికీ పక్కన. ట్రాలీ రానప్పుడు ఆయన ఎడమ కాలు దారిలోకి చాపుకోవచ్చు. మీరు లేవాలంటే ఆయనను దాటితే చాలు, ఎవరో తెలియని మనిషిని నిద్ర లేపే పని లేదు. ఇందాక గుర్తుంచుకోమన్నది ఈ జత కోసమే. ప్రీమియం టికెట్‌లో మీరు కొనేదాంట్లో, నా దృష్టిలో, అంగుళాల కన్నా ఇదే విలువైనది. మొదటిసారి విమానం ఎక్కే ఆడమనిషి పక్కవాళ్ళకు ఇబ్బంది అవుతుందని నీళ్ళు తాగడం మానేసి, బాత్రూముకు పోకుండా పదహారు గంటలు బిగబట్టి కూర్చోవడం జరుగుతూనే ఉంటుంది. ఒంటికి అంతకన్నా చేటు లేదు.

ఇక దారి. గల్ఫ్ మీదుగా పోతే మొదటి విమానం నాలుగు గంటలు, రెండోది పదహారు గంటలకు అటూ ఇటూ. లండన్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో పోతే రెండూ పది, పదకొండు గంటల చొప్పున ఉంటాయి. మొత్తం గంటలు దాదాపు సమానమే. కానీ మోకాలికి పదహారు గంటలు ఒక్క బిగిన కూర్చోవడం వేరు, పది గంటల తర్వాత దిగి రెండు మూడు గంటలు నడిచి, కాళ్ళు చాపుకుని మళ్ళీ ఎక్కడం వేరు. ఎకానమీలోనే పోవాలని తేల్చుకుంటే నేను యూరప్ దారినే చెబుతాను, ఛార్జీ కొంత ఎక్కువైనా సరే. మీవారి పరిస్థితికి దారి మార్చడం కూడా సగం మందు. దానికి ఇబ్బందులు లేకపోలేదు. అక్కడి విమానాశ్రయాల్లో మన భాష వినపడదు, ట్రాన్సిట్ నిబంధనలు దేశానికొకటి, అవి మారుతుంటాయి కూడా. మీ పాస్‌పోర్టు, అమెరికా వీసా చూపించి ఏజెంట్‌తో ముందే సరిచూయించుకోండి. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండాలి. మొదటిది ఆలస్యమైతే రెండోది ఎక్కించే బాధ్యత అప్పుడే వాళ్ళది అవుతుంది.

ఏజెంట్ మిమ్మల్ని హైదరాబాద్ నుంచి ఎందుకు పంపాలనుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్ళి దగ్గర, ఊరికి ఉత్తరాన, మన వైపే ఉంది. అనంతపురం నుంచి హైవేలో పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటితే బెంగళూరు ట్రాఫిక్‌లోకి పోకుండానే చేరతారు. కారులో మూడు గంటల ప్రయాణం. శంషాబాద్ దాదాపు రెట్టింపు దూరం. కర్నూలువాళ్ళు శంషాబాద్ అంటే అర్థం ఉంది, మీకు లేదు. ఆరేడు గంటలు కారులో మోకాలు మడిచి కూర్చుని, అర్ధరాత్రి లైన్లలో నిలబడి, తర్వాత ప్రీమియం సీట్లో కూర్చుంటే ఆ సుఖంలో సగం అలసట తీరడానికే పోతుంది. ప్రయాణం మీ ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది, కాబట్టి లెక్క అక్కడి నుంచే వేయండి. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, దుబాయ్‌లకు విమానాలు బెంగళూరు నుంచి కూడా ఉన్నాయి.

ఇక మీ ముందున్న దారులు.

ఇద్దరూ రానూపోనూ ఎకానమీ. ఏజెంట్ చెప్పిన గల్ఫ్ ధరకైతే 2,40,000తో అయిపోతుంది, యూరప్ దారికి కొంత ఎక్కువ కావచ్చు. కోడలి మాట గుచ్చుకోదు, కొడుకు మీద భారం తక్కువ. కానీ యూరప్ దారి, దారి పక్క సీటు, వీల్‌చైర్, ఈ మూడూ ఖాయం చేసుకుంటేనే దీనికి ఒప్పుకోండి. సీట్లకు విడిగా డబ్బు కట్టాల్సి వస్తే కట్టండి. కాళ్ళకు ఎక్కువ జాగా సీటు పొడుగు విమానానికి తీసుకోవడం కూడా ఇక్కడ పనికొస్తుంది. దీనివల్ల డాలస్‌లో దిగాక మీవారికి వారం పది రోజులు వాపు, నొప్పి ఉండొచ్చు. దిగిన మర్నాటి నుంచి పసిబిడ్డ పని ఎత్తుకోవాల్సింది మీరే కాబట్టి, ఆయన సేవ కూడా మీ మీదే పడుతుంది.

ఇద్దరూ రానూపోనూ ప్రీమియం. 4,80,000. ఒంటికి ఇదే మేలు. కానీ ఈ ధరలో పన్ను కలిసిందో లేదో అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం, ఆ పై తరగతులకు 18 శాతం. ప్రీమియం ఎకానమీ కూడా పై తరగతుల లెక్కలోకే వస్తుంది. లోను కడుతున్న ఇంట్లో, ఒక్క జీతం మీద నడుస్తున్న రోజుల్లో కొడుకుతో ఇంత పెట్టించడం మీకు ఇష్టం లేదని ఉత్తరంలోనే తెలుస్తోంది. ఇష్టం లేకుండా ఒప్పుకుంటే ఆ సీట్లో కూర్చున్నంతసేపూ మీకు మనశ్శాంతి ఉండదు.

పోయేటప్పుడు ప్రీమియం, వచ్చేటప్పుడు ఎకానమీ. ఒకే టికెట్‌లో ఇలా కలిపి తీయొచ్చు, చాలామంది ఏజెంట్లు అడిగితే గాని చెప్పరు. విడివిడిగా రెండు టికెట్లు కొంటే ధర పెరిగిపోవచ్చు, కాబట్టి ఒకే టికెట్‌గా అడగండి. ధర రెండింటికీ మధ్యన, మనిషికి 1,80,000 దగ్గర రావచ్చు. సరిగ్గా సగానికి రాకపోయినా ఆ చుట్టుపక్కల ఉంటుంది. పోయేటప్పుడే ఎందుకంటే, దిగగానే మీకు విశ్రాంతి ఉండదు. వచ్చాక మాత్రం మీ ఇంట్లో వారం పడుకున్నా అడిగేవాళ్ళు లేరు. పైగా అమెరికా నుంచి తూర్పుకు వచ్చేటప్పుడు పైన గాలి వెనకనుంచి తోస్తుంది, పోయేటప్పటి కన్నా గంటో గంటన్నరో తక్కువ కూర్చుంటారు. అప్పటికి మోకాలు కూడా ఇంకా కుదురుకుంటుంది. మీ జాగాలో నేనుంటే దీని వైపే మొగ్గుతాను.

ఆయన ఒక్కరికే ప్రీమియం, మీరు వెనక. ఇది మీరు ప్రేమతో అనుకున్న మాట, కానీ వద్దు. మధ్యలో పరదా ఉంటుంది, తరగతి మారి వచ్చి నిలబడితే సిబ్బంది ఒప్పుకోరు. ఆయన మాత్రల వేళ మీకు తెలుసు, ఆయనకు తెలియదని మీరే రాశారు. మీకు ఇంగ్లిష్ వచ్చు, ఆయనకు రాదు. ఇద్దరికీ మొదటి ప్రయాణం. ఆయన అక్కడ సుఖంగా కూర్చుని మీ కోసం వెతుక్కుంటుంటారు, మీరు ఇక్కడ ఆయన షుగర్ పడిపోయిందేమోనని లేచి చూస్తుంటారు. డబ్బు 1,20,000 మిగులుతుంది, నిజమే. కానీ పోయేటప్పుడు మాత్రం ఇద్దరూ ప్రీమియంలో పోయినా మిగిలేది అంతే. ఒకరికి రానూపోనూ పెట్టే డబ్బుతోనే ఇద్దరూ ఒకవైపు పక్కపక్కన పోవచ్చు.

టికెట్ తీశాక, తక్కువ డబ్బుకు పై తరగతి ఇస్తాం, మీరెంత ఇస్తారో చెప్పండని కొన్ని సంస్థలు మెయిల్ పంపుతాయి. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి, వస్తే వచ్చింది లేకపోతే లేదు. బిజినెస్ సంగతి కూడా ఇక్కడితో వదిలేద్దాం, ఇద్దరికి 9,00,000 పెట్టాల్సినంత అవసరం మీ ఉత్తరంలో నాకు కనపడలేదు.

ఇప్పుడు ఇంటి సంగతి. కోడలి మాటలో తప్పు పట్టాల్సింది నాకు ఏమీ కనపడలేదు, మీకూ కనపడలేదనే అనుకుంటాను. వాళ్ళమ్మ ఒక్కతే అంత దూరం ఎలా వచ్చిందో ఆ అమ్మాయి చూసింది. మీరు పోల్చుకుంటున్నది సీట్లను కాదు, ఇద్దరు తల్లులకు జరిగే మర్యాదను. అందుకే అది మీకు తగిలింది. కాబట్టి ఆ మర్యాద దగ్గరే సరిచేయండి. కొడుకుతో ఇలా చెప్పొచ్చు: "మీ అత్తమ్మకు ఎంత పెట్టి టికెట్ తీశావో మాకూ అంతే పెట్టు నాయనా. నాయన మోకాలి కోసం పైన పడే డబ్బు మేం పెట్టుకుంటాం." పోయేటప్పుడు మాత్రం ప్రీమియం తీసుకుంటే పైన పడేది సుమారు 1,20,000. మీ దగ్గర 1,50,000 ఉంది. మిగిలింది కారుకు, మందులకు, చేతి ఖర్చుకు. కొడుకు నొచ్చుకుంటాడు, "నాకు ఆ మాత్రం చేయనీవా?" అంటాడు. అననివ్వండి. మీ డబ్బు మీవారి కాలికి పెట్టుకోవడం కొడుకును దూరం చేయడం కాదు. ఆ పొదుపు మొత్తం ఊడ్చేస్తే మీకు ఇక్కడ ఇబ్బంది అవుతుందనుకుంటే, సగం మీరు, సగం వాడు. అది కూడా కోడలి ముందే మాట్లాడండి, చాటున వద్దు.

కొడుకు మొత్తం తానే పెడతానని పట్టుబడితే ఇంకో మాట ఉంది. ఫిబ్రవరిలో వియ్యపురాలు తిరిగి వచ్చే ప్రయాణానికి కూడా ప్రీమియం దొరుకుతుందేమో చూడమనండి. ఆమె కాన్పు పని చేసి అలసిపోయి వస్తోంది, ఒంటరిగా వస్తోంది. అప్పుడు మీరు నిస్సంకోచంగా మీ సీట్లో కూర్చోవచ్చు. దీనివల్ల ఆ ఇంటి మీద భారం పెరుగుతుంది, అది వాళ్ళిద్దరూ లెక్క చూసుకుని చెప్పాల్సిన మాట. మీరు అడగడం వరకే.

ఈలోగా వియ్యపురాలికి ఫోన్ చేయండి. మీ పెద్దవాళ్ళలో ఆ ప్రయాణం చేసింది ఆమె ఒక్కతే. ఎక్కడ నడక ఎక్కువైంది, ఏం తినగలిగింది, కాళ్ళు ఎన్ని రోజులు వాచాయి, వీల్‌చైర్ మనిషి ఎక్కడ కలిశాడు, ఇవన్నీ ఏజెంట్‌కు తెలియవు, ఆమెకు తెలుసు. అడిగితే సంతోషంగా చెబుతుంది. మీవారి మోకాలి సంగతి ఆమెకు మీ నోటితోనే తెలిస్తే సీటు గురించి ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకునే అవసరం రాదు.

వీల్‌చైర్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీవారు నామోషీ పడతారని రాశారు. ఏ తరగతి టికెట్ అయినా వీల్‌చైర్ ఉచితం, ప్రయాణానికి 48 గంటల ముందు చెప్పాలి. నడవలేనివాళ్ళకే అని కాదు, అంత పెద్ద విమానాశ్రయంలో గంట సేపు నిలబడలేనివాళ్ళందరికీ అది. తోసుకెళ్ళే మనిషి ఇమిగ్రేషన్ దాకా తోడుంటాడు, మీరు పక్కన నడుస్తారు. ఇద్దరికీ దారి తప్పే టెన్షన్ ఉండదు.

డబ్బు కట్టేముందు ఏజెంట్ దగ్గర టికెట్ కాగితం తీసుకుని ఒక్కో విమానం పక్కన ఏ తరగతి రాసి ఉందో మీరే చదవండి. ప్రీమియం అని అమ్మిన టికెట్‌లో ఒక విమానానికి ఆ క్యాబినే లేకపోతే ఆ భాగం ఎకానమీ అని రాసి ఉంటుంది. ఖతార్ ఎయిర్‌వేస్‌లో ఈ తరగతే లేదు, ఎమిరేట్స్‌లో కొన్ని విమానాల్లోనే ఉంది. సీటు నంబర్లు అప్పుడే వేయించుకోండి, కుడివైపు జత అని గట్టిగా చెప్పండి. తేదీ మార్చుకుంటే ఎంత కట్టాలో రాయించుకోండి, వియ్యపురాలి తిరుగు ప్రయాణం నాలుగు రోజులు అటూ ఇటూ అయితే మీదీ మారుతుంది. ఫిబ్రవరి రద్దీ కాలం కాదు, డిసెంబరు, వేసవి సెలవుల్లో ఉన్నంత ధరలు ఉండవు, కాబట్టి రేపే కొనాలని ఏజెంట్ తొందరపెట్టినా ఒక వారం ఆగొచ్చు. ఆ వారంలో మీవారిని ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి రండి. టికెట్ ఆ తర్వాత తీయించండి.